పొట్టి పరుగు పద్ధతి: చారిత్రక పరిణామం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• నిలబడి బయలుదేరే పద్ధతికి బదులు వంగి బయలుదేరే పద్ధతి ఎందుకు వచ్చిందో వివరించగలుగుతారు.
• పరికరాలు, మైదానాలు, నియమాలు పరుగు తీరును ఎలా మార్చాయో చెప్పగలుగుతారు.
• "మంచి పరుగు తీరు" అనే భావన కాలంతోపాటు ఎలా మారిందో విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

పరుగు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. అందువల్ల వేగం పుట్టుకతోనే వస్తుందని, శిక్షణతో దాన్ని పెద్దగా మార్చలేమని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం ఫలితం మీరు పాఠశాల ఆటల పోటీల్లో చూసే ఉంటారు. ముందు వచ్చిన పిల్లలను ఎంపిక చేస్తారు. వెనకబడినవారికి ఎలా పరుగెత్తాలో చెప్పేవారు అరుదు. 100 మీటర్ల పరుగు చరిత్ర ఈ నమ్మకాన్ని ప్రశ్నిస్తుంది. సహజ శక్తి పాత్రను ఎవరూ కాదనలేరు. అయితే ఆ శక్తిని నేలమీద ఎలా ప్రయోగించాలన్నది ఒక్కో తరం కొంత కొంతగా నేర్చుకున్న విద్య.

2. వంగి బయలుదేరే పద్ధతి

1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్ 100 మీటర్ల పరుగు ఫొటో ఒకటి ప్రసిద్ధి చెందింది. అందులో మిగతావారు రకరకాలుగా నిలబడి ఉండగా, అమెరికాకు చెందిన థామస్ బర్క్ రెండు చేతులూ నేలకు ఆనించి వంగి ఉంటాడు. ఫైనల్‌లో అతడే 12.0 సెకన్లలో గెలిచాడు. ఈ భంగిమ అతడు కనిపెట్టింది కాదు. 1880ల చివరి నుంచే అమెరికా కళాశాలల్లో అది వాడుకలోకి వచ్చింది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ షెరిల్ పేరును, శిక్షకుడు మైక్ మర్ఫీ పేరును ఈ సందర్భంలో సాధారణంగా చెబుతారు.

వంగితే లాభమేమిటి? నిటారుగా నిలబడినప్పుడు శరీరపు గరిమనాభి పాదాలకు దాదాపు నేరుగా పైన ఉంటుంది. అప్పుడు కాలు నేలను నెడితే ఆ బలంలో ఎక్కువ భాగం శరీరాన్ని పైకి లేపడానికే పోతుంది. వంగి, బరువును చేతుల మీదికి తెచ్చినప్పుడు గరిమనాభి పాదాలకన్నా ముందుకు వస్తుంది. కాళ్లు నేలను వెనక్కి నెట్టగలుగుతాయి, శరీరం ముందుకు దూసుకుపోతుంది. తొలి అంగల్లో శరీరం ముందుకు వాలి, క్రమంగా నిటారుగా లేవాలని నేటి శిక్షకులు చెప్పడానికి మూలం ఇదే.

3. గుంటల నుంచి బ్లాకుల దాకా

వెనక్కి నెట్టాలంటే పాదానికి ఆనిక కావాలి. బొగ్గుకసువు పరచిన ఆనాటి ట్రాకుల మీద పరుగువీరులు చిన్న తాపీతో గుంటలు తవ్వుకునేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణ పతకాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్ కూడా అలాగే చేశాడు.

బ్లాకులు అప్పటికే తయారయ్యాయి. అమెరికాలోని అయోవాలో శిక్షకుడు జార్జ్ బ్రెస్నహాన్ 1920ల చివర్లో వాటిని రూపొందించాడు. 1929లో జార్జ్ సింప్సన్ వాటిని వాడి 100 గజాలను 9.4 సెకన్లలో పరుగెత్తాడు. కాని బ్లాకులు వాడాడన్న కారణంతో దాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. గుంట తవ్వుకోవడం న్యాయమైనప్పుడు చెక్కదిమ్మ వాడటం అన్యాయం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు నియమాలు కొంత ఆలస్యంగా జవాబిచ్చాయి. 1930ల చివర్లో అనుమతి లభించింది. ఒలింపిక్స్‌లో 1948 లండన్ పోటీల నుంచి బ్లాకులు వాడుకలోకి వచ్చాయి.

మైదానమూ మారింది. 1968 మెక్సికో ఒలింపిక్స్ సింథటిక్ ట్రాక్ మీద జరిగాయి. అక్కడ జిమ్ హైన్స్ 9.95 సెకన్లలో గెలిచాడు. ఈ విజయంలో ట్రాకుతోపాటు దాదాపు 2,240 మీటర్ల ఎత్తులోని పలుచని గాలికి కూడా వాటా ఉంది.

4. పరుగును కొలవడం

కంటికి అందని కదలికను ముందుగా కెమెరా పట్టుకుంది. 19వ శతాబ్దం చివర్లో మైబ్రిడ్జ్, మారే తీసిన వరుస ఫొటోలు పరుగులో రెండు పాదాలూ గాలిలో ఉండే దశను చూపాయి. 1920లలో నోబెల్ గ్రహీత ఎ.వి. హిల్ బృందం వేగాన్నే కొలిచింది. అయస్కాంతం కట్టుకున్న వ్యక్తి, ట్రాకు పక్కన అమర్చిన తీగచుట్టలను దాటినప్పుడు పుట్టే విద్యుత్తును వారు నమోదు చేశారు. వేగం మొదట త్వరగా పెరిగి, గరిష్ఠ స్థాయికి చేరి, ఎక్కువసేపు నిలవదని తేలింది. పొట్టి పరుగును ప్రారంభం, త్వరణం, గరిష్ఠ వేగం, దాని నిలుపుదల అని విభజించి నేర్పడానికి ఇటువంటి కొలతలు ఆధారమయ్యాయి.

5. శిక్షకుల కృషి

సాన్ హోసే స్టేట్ కళాశాల శిక్షకుడు బడ్ వింటర్ కండరాల సడలింపుకు ప్రాధాన్యం ఇచ్చాడు. దవడ, భుజాలు, చేతులు బిగుసుకుంటే వేగం తగ్గుతుందన్నది అతని బోధన. 1968లో 200 మీటర్లు గెలిచిన టామీ స్మిత్, 400 మీటర్లు గెలిచిన లీ ఎవాన్స్ అతని శిష్యులే. పోలండ్ శిక్షకుడు గెరార్డ్ మాక్ మోకాలు ఎత్తి నడవడం, గెంతడం, పరుగెత్తడం వంటి డ్రిల్స్‌ను క్రమబద్ధం చేశాడు. నేడు మైదానాల్లో సన్నాహకంగా చేయించే వ్యాయామాల్లో చాలావరకు వాటి రూపాలే. పరుగుకు అవసరమైన కండరాలను బలపరచడం వాటి ఉద్దేశం. కాలక్రమంలో చాలాచోట్ల అవే పరుగు పద్ధతి అన్న అపోహ ఏర్పడింది.

2000లో పీటర్ వేయాండ్ బృందం ప్రచురించిన పరిశోధన ఈ అపోహను బలహీనపరచింది. గరిష్ఠ వేగంలో ఉన్నప్పుడు, కాలును గాలిలో ముందుకు తెచ్చుకోవడానికి వేగవంతులకూ నెమ్మదివారికీ పట్టే సమయంలో పెద్ద తేడా లేదు. పాదం నేలను తాకే అతి కొద్ది సమయంలో ప్రయోగించే బలంలోనే ప్రధానమైన తేడా కనిపించింది. కాబట్టి "కాళ్లు త్వరగా ఆడించు" అనే సలహా కన్నా, "పాదాన్ని శరీరానికి మరీ ముందు వేయకుండా నేలను గట్టిగా తన్ను" అనే సలహా ఉపయోగకరం.

6. ఒకే ఆదర్శం ఉందా?

1996లో 200 మీటర్లను 19.32 సెకన్లలో పరుగెత్తిన మైఖేల్ జాన్సన్ నిటారైన వీపుతో, పొట్టి అంగలతో పరుగెత్తేవాడు. 1.95 మీటర్ల పొడవున్న ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లను సుమారు 41 అంగల్లో, 9.58 సెకన్లలో ముగించాడు. అతని వెన్నెముకకు పక్కవంపు ఉంది. కంటికి ఇంపైన తీరు, ఫలితమిచ్చే తీరు ఎప్పుడూ ఒకటే కావని వీరిద్దరూ నిరూపించారు.

చిన్న అంశం విలువ తెలుసుకోవడానికి 1984 లాస్ ఏంజెలెస్ చాలు. 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లలో ముగించి, సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం కోల్పోయింది. గీతను మొండెం దాటిన క్షణమే లెక్కకు వస్తుంది. అందువల్ల చివరి అడుగులో ఛాతీని ముందుకు వంచడం కూడా సాధనతో నేర్చుకోవలసిందే.

అయితే జాగ్రత్త అవసరం. 12.0 నుంచి 9.58కి తగ్గిన సమయమంతా పద్ధతి ఫలితమే అనకూడదు. ట్రాకులు, బూట్లు, ఆహారం, పోటీదారుల సంఖ్య మారాయి. 1988 సియోల్‌లో బెన్ జాన్సన్ నమోదు చేసిన 9.79ని నిషిద్ధ ఉత్ప్రేరకం కారణంగా రద్దు చేశారన్నదీ ఈ చరిత్రలో భాగమే.

7. సారాంశం

పొట్టి పరుగు పద్ధతి శిక్షకుల పరిశీలన, పరికరాలు, శాస్త్రీయ కొలతలు, నియమాలు కలిసి రూపొందించినది. ఒక తరం ప్రామాణికమనుకున్నదాన్ని మరో తరం సరిదిద్దింది. వెనకబడిన విద్యార్థిని "నీకు పరుగు రాదు" అని పంపేసే ముందు, అతని పాదం ఎక్కడ పడుతోందో, భుజాలు బిగుసుకున్నాయో లేదో చూడటం మేలని ఈ చరిత్ర మీకు చెబుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వంగి బయలుదేరడం వల్ల గరిమనాభి స్థానం ఎలా మారుతుంది?
2. సింప్సన్ 1929 పరుగును రికార్డుగా ఎందుకు గుర్తించలేదు?
3. "పరుగు పుట్టుకతో వచ్చేదే." ఈ అభిప్రాయాన్ని చారిత్రక ఉదాహరణలతో చర్చించండి.