ఱెక్క గల కారు



దున్నిన పొలమును చదును చేయునపుడు పలకపై మనిషి నిలుచుండును. బరువు మోపినగాని పలక మట్టిని పట్టదు. పందెపు కారుకును ఇట్టి చిక్కే కలదు. మలుపులో చక్రములు నేలను పట్టియుండవలెను. కాని కారు బరువు పెంచినచో ఆ బరువే దానిని మలుపు వెలుపలికి నెట్టును. బరువు లేని ఒత్తిడి ఎట్లు వచ్చును?

1956లో మైకేల్ మే అను స్విట్జర్లాండు యువ ఇంజనీరు దీనికొక ఉపాయము పన్నెను. ఱెక్క విమానమును పైకెత్తును గదా! దానినే తలక్రిందుగా బిగించినచో గాలి కారును నేలకదుమును. వేగము రెట్టింపయిన ఒత్తిడి నాలుగింతలగును. అతని పోర్షె కారు ఛాయాచిత్రమును నేను చూచితిని. ఱెక్క నడుపువాని తలపై గొడుగువలె నున్నది. దానితో అతడు జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ పందెమునకు పోగా, వెనుక వచ్చువారికి దారి కనబడదని అధికారులు ఱెక్కను తీయించిరి.

పదేండ్లకు, 1966లో, అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ కారుపై ఎత్తైన ఱెక్క నిలిపెను. 1968లో ఫార్ములా వన్ కార్లును ఱెక్కలు తాల్చినవి. పిమ్మట తొందర హెచ్చెను. 1969 మే నెలలో బార్సిలోనా పందెమున రెండు లోటస్ కార్ల ఱెక్కలు విఱిగి, కార్లు ఇనుప కంచెను ఢీకొన్నవి. నడుపువారు ప్రాణములతో బయటపడిరి. ఆ నెలలోనే ఎత్తైన ఱెక్కలు నిషేధింపబడినవి.

నేడు సరదాకు పందెమాడువారును తమ కార్లకు ఱెక్కలు బిగించుకొనుచున్నారు. మే ఉపాయమును త్రోసిపుచ్చుట ఒక తప్పు. కంబముల బలము చాలకయే ఱెక్క నెత్తుట మఱియొక తప్పు. క్రొత్తది మీ యెదుటికి వచ్చినపుడు ఈ రెంటిని తలచుకొనుడని నా మనవి.