వాట్‌గంజ్ రేవు, హెడ్‌ఫోన్ బేరం

కోల్‌కతాలో విదేశీ హెడ్‌ఫోన్ వెతుక్కుంటూ వెళ్లినవాడు చాలాకాలం పాటు చేరిన చోటు వాట్‌గంజ్, ఖిదిర్‌పూర్ వైపు వీధులు. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు కర్నల్ హెన్రీ వాట్సన్ 1780 ప్రాంతంలో ఇక్కడ ఓడలు కట్టే యార్డు పెట్టాడు. పేటకు ఆయన పేరే నిలిచింది. 1892లో ఖిదిర్‌పూర్ డాకు తెరుచుకున్నాక ఇక్కడి బతుకంతా ఓడ సరుకు చుట్టూ అల్లుకుంది. వాల్తేరు దాకా సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం పక్కనే గార్డెన్ రీచ్‌లో ఉండేది కాబట్టి తెలుగు రైల్వే కుటుంబాలకూ ఈ వీధులు తెలిసినవే.

ఆ సరుకులో హెడ్‌ఫోన్ చేరడానికి చాలా ముందే, 1902 నవంబరులో, కలకత్తాలో పాట డిస్కుపై రికార్డు కావడం మొదలైంది. గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ముందు గాయని గౌహర్ జాన్ రికార్డింగు కొమ్ములోకి పాడింది. మైకు లేదు, చెవికి తగిలించుకోవాల్సిన పనీ లేదు. ఆ కాలంలో హెడ్‌ఫోన్ టెలిఫోన్, వైర్‌లెస్ ఆపరేటర్ల పనిముట్టు. 1910లో నథానియల్ బాల్డ్‌విన్ చేసినవాటిని అమెరికా నౌకాదళం కొంది. సంగీతం వినడానికి పనికొచ్చే స్టీరియో హెడ్‌ఫోన్‌ను జాన్ కాస్ 1958లో తెచ్చాడు. 1968లో సెన్‌హైజర్ ‘హెచ్‌డి 414’ వచ్చి, వెనక భాగం మూయని తరహాకు దారి వేసింది.

ఇవేవీ భారతీయ దుకాణాల్లోకి సులువుగా రాలేదు. దిగుమతి లైసెన్సులూ భారీ సుంకాలూ అడ్డుండటంతో నావికుల పెట్టెల్లోనూ దొంగచాటుగానూ వచ్చిన సరుకు ఖిదిర్‌పూర్‌లోని ఫ్యాన్సీ మార్కెట్‌లో తేలేది. మద్రాసు సినిమావాళ్లకు బర్మా బజారు ఎలాగో, కలకత్తావాళ్లకు ఇది అలాగ. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక క్యాసెట్ ప్లేయర్లతోపాటు నురగ దిండ్ల చిన్న హెడ్‌ఫోన్లూ గిరాకీ సంపాదించాయి. అయితే స్టూడియో పనికి కావలసినది అది కాదు. ఆ తేడా తెలియకుండా కొన్నవాళ్లే ఎక్కువ.

తేడా మూతలో ఉంది. పాడేటప్పుడు చెవిలో మోగే తాళం మైకులోకి కారకూడదు; అందుకే రికార్డింగుకు వెనక మూసిన రకం కావాలి. 1991 నాటి సోనీ ‘ఎండీఆర్-7506’, బేయర్‌డైనమిక్ ‘డీటీ 770’ ఈ కోవవి. రికార్డయిన గొంతునూ వాద్యాలనూ కలిపే మిక్సింగుకు తెరిచిన రకం మేలు. లోపలి గాలి బయటికి పోతుంది కనుక మంద్రం గుడుగుడుమనదు, వాద్యాలు విడివిడిగా కనిపిస్తాయి. 1997లో వచ్చిన సెన్‌హైజర్ ‘హెచ్‌డి 600’ అలాంటిదే, కానీ దాని ఇంపిడెన్స్ 300 ఓమ్‌లు. ఫోనుకు తగిలిస్తే నీరసంగా పలుకుతుంది, ఆంప్లిఫయర్ తప్పనిసరి. ఇంట్లో ఒక్కటే కొనగలిగితే మూసిన రకమే కొనాలి, ఎందుకంటే పాట రికార్డే కాకపోతే మిక్సు చేయడానికి ఏమీ మిగలదు.

బజారులో పేరు ముద్ర ఒకటి, లోపలి సరుకు మరొకటి అయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంది. డబ్బా చూసి కొనడం కన్నా, బాగా ఎరిగిన పాట ఒకటి పెట్టి వినడం నమ్మకమైన పరీక్ష. గాయకుడి గొంతు సరిగ్గా నడినెత్తిన నిలవాలి. అది పలచబడి రెండు పక్కలకూ చెదిరితే ఒక చెవి తీగలు తారుమారుగా అతికారని అర్థం. మంద్రం మరీ నిండుగా, తియ్యగా ఉంటే ఇంకా అనుమానించాలి: దాన్ని నమ్మి మంద్రం తగ్గించినవాడి మిక్సు మిగతాచోట్ల బలహీనంగా వినిపిస్తుంది. మంచి హెడ్‌ఫోన్‌లోనూ ఎడమ ధ్వని ఎడమ చెవికే అందుతుంది, గది ప్రతిధ్వని ఉండదు. కాబట్టి చివరి మాట స్పీకరుదే.

1991 ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక కొంతా, 2001 ఏప్రిల్ 1న దిగుమతి పరిమాణ ఆంక్షలు ఎత్తేశాక మరింతా ఈ బేరం స్వరూపం మారింది. సరుకు అధికారిక దుకాణాలకూ, ఆపైన ఇంటి గుమ్మానికీ వచ్చింది. కంప్యూటరూ, ఆడియో ఇంటర్‌ఫేసూ ఉన్న ఏ గదైనా స్టూడియో కావచ్చు. అలాంటి గదుల్లో ‘7506’, ‘హెచ్‌డి 600’ నేటికీ పనిచేస్తున్నాయి. వాటి చెవి దిండ్లు అరిగితే మార్చుకునే వీలుంది.