వాల్వు బుస

పచ్చిక కోయు యంత్రమును 1830లో ఇంగ్లండునందలి స్ట్రౌడు ప్రాంతమున ఎడ్విన్ బడ్డింగు కల్పించెను. చిరకాలము మనుష్యులు త్రోయగా, గుఱ్ఱములు లాగగా అది నడచెను. 1902లో ఇప్స్‌విచ్ నగరపు రాన్సమ్సు కంపెనీ పెట్రోలు ఇంజనుతో నడచుదానిని అమ్మకమునకు తెచ్చెను. నాటినుండి తోటమాలికి కత్తి పదునుతోపాటు వాల్వు బిగువును చూచుకొను పనియు తగిలినది.

కొలత పరికరములు లేకున్నను చేయి, చెవి చాలును. ప్లగ్గు తీగ ఊడదీసి చక్రమును మెల్లగా త్రిప్పినపుడు, పిస్టను గాలిని నొక్కు ఘట్టమున ఎదురొత్తిడి తగులవలెను. తగులనిచో చెవియొగ్గుడు. బుస పొగగొట్టమునుండి వచ్చినచో ఎగ్జాస్టు వాల్వు, కార్బురేటరునుండి వచ్చినచో ఇన్‌లెట్ వాల్వు సరిగా మూసుకొనుట లేదు. క్రాంకు పెట్టెనుండి వచ్చినచో దోషము పిస్టను రింగులది; పాపము, వాల్వులను వృథాగా అరగదీయువారెందరో! ఎగ్జాస్టు వాల్వు విషయమున మాత్రము జాగు కూడదు. మండుచున్న వాయువు ఆ సన్నని సందుననే వెడలుచు, వాల్వు అంచును కాల్చి, సందును నానాటికి పెంచును.