అడగకుండా ఎక్కే బస్సు

మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830లో పల్లకీలతో, పరివారంతో కాశీకి బయల్దేరాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో దారులున్నాయి, మజిలీలున్నాయి. ఇంటి పెద్ద కనుక, ఎవరిని డబ్బడగాలన్న ప్రశ్న లేదు.

మొన్న మా అమ్మా, అక్కచెల్లెళ్లూ కాశీకి లెక్కలేసుకున్నారు. అమ్మది సూర్యాపేట, చిన్నమ్మది కోదాడ. రెండూళ్లకీ రైలు లేదు. పెద్దమ్మ ఉండే మిర్యాలగూడకు ఉంది. "అయినా సికిందరాబాదుకు నేనూ బస్సుకే వస్త. రైలు టికెట్‌కు కొడుకునడగాలె" అంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. ఆధార్ చూపిస్తే చాలు.

సికిందరాబాదు దాటాక? కాశీ టికెట్‌కు ముగ్గురూ ఇంట్లో అడగాల్సిందే. ఏ బండి ఎక్కాలన్నది మనకు రెండో ప్రశ్న. మొదటిది వదిలేసిన యాత్రాచరిత్ర సగమే.