ఓమివా ఆలయ తోరణాలు

జపాన్‌లోని నారా ప్రాంతంలో, సకురాయి పట్టణంలో, మివా పర్వతం పాదాన ఉన్న షింతో ఆలయం ఓమివా. దేశంలోని అతి ప్రాచీన ఆలయాల్లో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు. దీనికి గర్భగుడి లేదు. ఒమోనొనుషి దేవుడు కొలువైన 467 మీటర్ల కొండే ఇక్కడ ఆరాధ్యం.

దూరం నుంచే కనిపించే పెద్ద తోరణాన్ని 1986లో ఉక్కుతో నిలబెట్టారు. ఎత్తు 32.2 మీటర్లు. అయితే అసలు చూడదగ్గది ఇది కాదు. 1664లో తిరిగి కట్టిన ప్రార్థనా మండపం వెనక మూడు తోరణాలు ఒకటిగా కలిసిన అరుదైన కట్టడం ఉంది. దాని అవతల ఇక కొండే.

తోరణం ముందు తల వంచి, దారి నడిమి భాగం దేవుడిదని ఒక పక్కగా నడవడం ఆచారం. ఆవరణలో ఒక ముసలి దేవదారు ఉంది. దాని తొర్రలో దేవుడి రూపమైన తెల్లపాము ఉంటుందని నమ్మకం. అందుకే చెట్టు మొదట్లో కోడిగుడ్లు, బియ్యపు సారా సీసాలు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. ఈయన సారా కాచేవాళ్ళకూ ఇలవేల్పే. సారా దుకాణాల చూరుకు వేలాడే దేవదారు ఆకుల బంతులు ఈ ఆలయ సంప్రదాయమే. పచ్చగా కట్టిన బంతి నెలలు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది.

కొండ ఎక్కదలచినవారు సాయి ఉపాలయంలో పేరు రాయించుకుని, గంట కట్టిన తెల్లని పట్టీ మెడలో వేసుకోవాలి. పైన ఫొటోలు తీయకూడదు, ఏమీ తినకూడదు.