చిన్న బడిలో చేతిపని: నాలుగు మెట్ల కథ

మన సంఘ సభ్యులలో 1950, 60 దశకాలలో పల్లె బడులలో చదువుకున్నవారికి తకిలీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. సన్నని కడ్డీ, దాని అడుగున గుండ్రని బిళ్ళ, ఎడమ చేతిలో దూది ఏకు. పోగు లావెక్కితే మాస్టారు మందలించేవారు, తెగితే అతికించుకుని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. వడికిన నూలు చిలపలుగా చుట్టి బడి బీరువాలోకి చేర్చేవారు. ఆ తర్వాత అది ఏమయ్యేదో పిల్లలు అడిగేవారు కాదు, పెద్దలు చెప్పేవారు కాదు.

ఇప్పుడు మన మనవలు, మనవరాళ్ళు విదేశాలలో చదువుతూ, బడిలో ‘డిజైన్ అండ్ టెక్నాలజీ’ అనే సబ్జెక్టు ఉందని చెబితే మనం కంప్యూటర్ పాఠమేమో అనుకుంటాం. నిజానికి అది తకిలీకి దూరపు చుట్టమే. ఒక వస్తువు ఎవరికి, ఎందుకు కావాలో ఆలోచించి, బొమ్మ గీసుకుని, తయారుచేసి, అది పనికొచ్చిందో లేదో చూసుకోవడం ఆ పాఠం. ఈ చుట్టరికం ఎలా కలిసిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

చేతిపనిని అందరు పిల్లల చదువులో చేర్చిన ఘనత ఫిన్లాండుది. అక్కడ ఉనో సిగ్నేయస్ అనే విద్యావేత్త కృషి వల్ల 1866లో ప్రాథమిక పాఠశాలల చట్టం చేతిపనిని పాఠ్యాంశం చేసింది. పక్కనే ఉన్న స్వీడన్‌లో ఒట్టో సాలమన్ ‘నేస్’ అనే ఊళ్ళో ఉపాధ్యాయులకు శిక్షణాలయం నడిపాడు. ఈ పద్ధతికి ‘స్లాయిడ్’ అని పేరు. పిల్లవాడిని వడ్రంగిని చేయడం దీని ఉద్దేశం కాదని, వాడి కన్ను, చెయ్యి, ఓపిక, శ్రద్ధ పెరగడమే ముఖ్యమని సాలమన్ వాదించాడు. అయితే స్లాయిడ్‌లో పిల్లలు ముందే సిద్ధంగా ఉన్న నమూనాలను వరుసగా చేసుకుంటూ పోవాలి. ఏం చేయాలన్న నిర్ణయం పిల్లవాడిది కాదు.

ఆ లోటును గట్టిగా పట్టుకున్నవాడు జర్మనీలోని మ్యూనిక్ నగర పాఠశాలల అధికారి గియోర్గ్ కెర్షెన్‌స్టైనర్. ఆయన చెప్పిన ఉదాహరణ ఒకటి ప్రసిద్ధం. మన గోరువంకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ పిట్టకు ఒక పిల్లవాడు చెక్కగూడు చేయదలిచాడు. పిట్ట ఎంత ఉంటుంది, ద్వారం ఎంత ఉండాలి, ఉన్న పలక సరిపోతుందా, ఎక్కడ కోస్తే వృథా తగ్గుతుంది, ఇవన్నీ రంపం పట్టకముందే వాడు ఆలోచించుకోవాలి. గూడు తయారయ్యాక తప్పెక్కడ జరిగిందో మాస్టారు చెప్పనక్కరలేదు. సందు మిగిలిన మూలే చెబుతుంది. చేతిపనిలో చదువు ఎక్కడుందో ఇంత సులువుగా చూపించిన ఉదాహరణ మరొకటి నేను చూడలేదు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన మనిషి ఈ కథలోకి వస్తాడు. 1897లో హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ పై చదువులకు బెర్లిన్ వెళ్ళి, 1926లో డాక్టరేటుతో తిరిగివచ్చి, జామియా మిలియా బాధ్యత తీసుకున్నారు. జర్మనీలో ఆయన మీద బలంగా పనిచేసిన ఆలోచనలలో కెర్షెన్‌స్టైనర్‌వి ముఖ్యమైనవి. తరువాత రాష్ట్రపతి అయినందువల్ల ఆయన పేరు అందరికీ తెలుసు గాని, ఆయన ప్రధానంగా బడిపంతులు అన్న సంగతి మనం మరిచిపోతుంటాం.

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా సదస్సు జరిగింది. ఏడేళ్ళ నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి చుట్టూ మొత్తం చదువు, పిల్లల ఉత్పత్తితో వీలైనంతవరకు ఉపాధ్యాయుల జీతాలు గడవడం, ఇదీ ప్రతిపాదన. చివరి అంశం మీదే గొడవ. ఆర్థికవేత్త కె.టి. షా అక్కడే దానిని వ్యతిరేకించారు. పాఠ్యప్రణాళిక తయారుచేసే కమిటీకి జాకిర్ హుస్సేన్ అధ్యక్షులయ్యారు. డిసెంబరుకల్లా నివేదిక సిద్ధమైంది. రోజుకు ఐదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి, మాతృభాషకు 40 నిమిషాలు! ఈ లెక్క చూసి ఆనాడే చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ మూడు గంటలలోనే లెక్కలు, విజ్ఞానం కూడా పనితో కలిపి చెప్పాలని కమిటీ ఉద్దేశం. పత్తి చెట్టు దగ్గర వృక్షశాస్త్రం, నూలు నంబరు దగ్గర గణితం అన్నమాట.

ఆ నివేదికలోనే ఒక హెచ్చరిక ఉంది. ఆర్థిక లాభం మీద దృష్టి పడితే చదువు వెనకబడుతుందనీ, పిల్లల చేత ఎక్కువ పని రాబట్టడమే ఉపాధ్యాయుడి ధ్యాస అయిపోయే ప్రమాదం ఉందనీ దాని సారాంశం. తరువాతి ప్రసంగాలలో జాకిర్ హుస్సేన్ ఇంకాస్త తేటగా చెప్పారు. చదువు అనిపించుకునే పనికి నాలుగు మెట్లు ఉండాలి. ఏం చేయాలో, ఎందుకో మనసులో స్పష్టపడడం మొదటిది. పథకం వేసుకోవడం రెండవది. చేయడం మూడవది. చేసినదాన్ని అనుకున్నదానితో పోల్చి తానే తూకం వేసుకోవడం నాలుగవది. కేవలం మూడో మెట్టు మీద నిలబడేది చాకిరీయే అవుతుంది గాని చదువు కాదు.

మన బడులకు చేరింది సరిగ్గా ఆ మూడో మెట్టు ఒక్కటే. వార్ధా పథకాన్ని 1938లో హరిపుర కాంగ్రెస్ ఆమోదించింది. కాని 1939లో రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేయడంతో చాలాచోట్ల పని కుంటుపడింది. స్వాతంత్ర్యం వచ్చాక బేసిక్ స్కూళ్ళు, బేసిక్ ట్రైనింగ్ స్కూళ్ళు ఊరూరా బోర్డులు పెట్టుకున్నాయి. బోర్డు మారినంత సులువుగా బోధన మారలేదు. తకిలీ వచ్చింది, ఏకులు వచ్చాయి (అవీ సమయానికి వచ్చేవి కావు), వడికిన నూలుకు రిజిష్టరు వచ్చింది. రిజిష్టరులో ఎక్కింది చిలపల లెక్కే. ‘ఈ పోగు ఎందుకు తెగింది?’ అని పిల్లవాడిని అడిగే తీరిక, తరిఫీదు మాస్టారికి లేకపోయాయి. తప్పు ఆ మాస్టారిది అని నేను అనను. అరవై మంది పిల్లలు, ఒక గది, రెండు తరగతులు ఉన్నచోట ఆయన మాత్రం ఏం చేస్తాడు?

దీనికి తోడు 1953లో మరో దెబ్బ తగిలింది. ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు కొత్త పథకం ప్రవేశపెట్టారు. బడి రోజుకు మూడు గంటలే. మిగతా సమయంలో పిల్లవాడు ఇంటి దగ్గర తండ్రి వృత్తి నేర్చుకోవాలి. ఇది కులవృత్తి చదువని, చాకలి కొడుకును చాకలిగానే ఉంచే చదువని పెద్ద ఆందోళన లేచింది. రాజాజీ దిగిపోయాక, 1954లో కామరాజ్ ఆ పథకాన్ని రద్దు చేశారు. వార్ధా ఆలోచన దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ బ్రాహ్మణ పిల్లవాడూ వడకాలి, సాలె పిల్లవాడూ చదవాలి. కాని బడిలో చేతిపని అనేసరికి ‘మా పిల్లలను మళ్ళీ పాత పనిలోకే తోస్తారా?’ అన్న అనుమానం పేదవారి గుండెల్లో నిలిచిపోయింది. అది అకారణమైన అనుమానం అని ఎవరు అనగలరు? అక్షరాల కోసం తరతరాలుగా ఎదురుచూసినవారికి బడిలో చీపురు, తట్ట కనిపిస్తే కడుపు మండదా?

ఆ తరువాత పేర్లు మారాయి. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ‘సామాజికోపయోగ ఉత్పాదక పని’ అంది. ఆ పేరు నోరు తిరిగేలోపే టైంటేబుల్లో ఆ పీరియడును లెక్కల మాస్టారు తీసేసుకునేవారు.

ఇంగ్లండులో కథ వేరే దారిన నడిచింది. 1988 విద్యా చట్టం దరిమిలా 1990లో ‘డిజైన్ అండ్ టెక్నాలజీ’ ఐదేళ్ళ పిల్లల నుంచి తప్పనిసరి పాఠ్యాంశమైంది. మొదట దానికి నాలుగు లక్ష్యాలు నిర్దేశించారు. అవసరాన్ని గుర్తించడం, రూపకల్పన, ప్రణాళికతో తయారీ, ఫలితాన్ని బేరీజు వేయడం. ఇవి చదివినప్పుడు జాకిర్ హుస్సేన్ నాలుగు మెట్లు ఎవరికైనా గుర్తుకు రావలసిందే. వారు వీరిని చూసి రాసుకున్నారని కాదు. పిల్లవాడి చేతికి పనిముట్టు ఇచ్చి నిజాయితీగా గమనించినవారందరూ ఇంచుమించు ఒకే చోటికి చేరతారని నా అభిప్రాయం. అక్కడి చిన్న తరగతుల పిల్లలు చక్రాల బండి చేస్తారు, తోలుబొమ్మ లాంటి కదిలే బొమ్మ చేస్తారు, ఎవరికి ఏది ఇష్టమో కనుక్కుని శాండ్‌విచ్ కూడా చేస్తారు. వంట కూడా చదువేనని ఒప్పుకోవడం మన ఆడపడుచులకు సంతోషం కలిగించే విషయం.

మన దేశంలోనూ ఈ దారిలో మంచి ప్రయత్నాలు జరిగాయి. 1978లో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమానికి వెళ్ళిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలను కలిపి ఆకారాలు కట్టించారు. పుల్లలతో చతురస్రం కడితే అది పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం కడితే ఎంత నొక్కినా కదలదు. పెంకుటింటి దూలాల మీద ముక్కోణపు చట్రం ఎందుకు కడతారో మూడో తరగతి పిల్లకు రెండు నిమిషాలలో తెలిసిపోతుంది. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం వారు ఆరో తరగతి వయసు పిల్లలచేత సంచి కుట్టించారు, బరువెత్తే గాలిమర నమూనా చేయించారు, బొమ్మలాట కట్టించారు. నగరంలోని మరాఠీ, ఇంగ్లీషు మాధ్యమాల పిల్లలతోపాటు గిరిజన ప్రాంతపు బడి పిల్లలూ ఇందులో పాల్గొన్నారు. ముందు బొమ్మ గీయాలి, కొలతలు వేయాలి, ఏ సామాను ఎంత కావాలో జాబితా రాయాలి, ఆ తర్వాతే కత్తెర.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఇచ్చింది. ఆ రోజుల్లో స్థానిక వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకోవాలి. పది రోజులు తక్కువే. అంతకన్నా చిన్న తరగతుల సంగతి ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఎలా ఉందో మనకు తెలుసు. ‘రేపు ప్రాజెక్టు ఇవ్వాలి’ అని రాత్రి ఎనిమిదింటికి మనవడు చెబుతాడు, తండ్రి థర్మోకోలు కొనుక్కొస్తాడు, తాతగారు కళ్ళజోడు పెట్టుకుని కోస్తారు, బామ్మ రంగులు వేస్తుంది, పిల్లవాడు నిద్రపోతాడు. మర్నాడు మార్కులు మాత్రం వాడికే వస్తాయి. మన సభ్యులలో విశ్రాంత క్రాఫ్టు ఉపాధ్యాయులు, వర్క్‌షాపు ఉద్యోగులు, ఓవర్సీర్లు ఇంకా ఎందరో ఉన్నారు. ఆ పది రోజులకు మనుషులు కావాలని దగ్గరలోని బడి అడిగితే వెళ్ళగలిగినవారు వెళ్ళాలి. వెళ్ళినచోట నమూనా చేసి చూపించడానికి తొందరపడకుండా, ‘ఏం చేద్దామనుకుంటున్నావు? ఎవరికోసం?’ అని ముందు పిల్లవాడినే అడగాలి.