కొలంబస్ సర్కిల్‌లో మూడు తూటాలు

1971 తొలి నెలలు. న్యూయార్క్ నగరం. ‘ద గాడ్‌ఫాదర్’ నిర్మాత ఆల్బర్ట్ రడ్డీ ఎదుట కూర్చున్న పెద్దమనిషి కళ్ళజోడు పెట్టుకుని 155 పేజీల స్క్రిప్టు తెరిచాడు. మొదట్లోనే ఆగిపోయాడు. ‘ఫేడ్ ఇన్’ అంటే ఏమిటని అడిగాడు. కాసేపు తిరగేసి, ఇది మనవల్ల కాదనుకుని పక్కనున్న అనుచరుడి చేతికిచ్చేశాడు. రడ్డీయే తర్వాత చెప్పిన సంగతి ఇది.

ఆ పెద్దమనిషి పేరు జో కొలంబో. లోకానికి రియల్ ఎస్టేట్ వ్యాపారి. నిజానికి న్యూయార్క్‌ను పంచుకున్న అయిదు మాఫియా కుటుంబాల్లో ఒకదానికి అధినేత. నాణేలు కరిగించి వెండి అమ్ముతున్నాడని 1970లో అతని కొడుకును ఎఫ్‌బీఐ పట్టుకుంది. కొలంబో ఏకంగా ఎఫ్‌బీఐ కార్యాలయం ముందే ధర్నాకు దిగాడు. ఇటలీ సంతతివాళ్ళందరికీ నేరస్తులన్న ముద్ర వేస్తున్నారంటూ పౌరహక్కుల లీగ్ పెట్టాడు. ఆ ముద్ర వల్ల నిజంగా అవమానపడ్డ కూలీలు, దుకాణదారులు, గృహిణులు వేలాదిగా అతని వెంట నడిచారు. వాళ్ళ బాధ నిజం. దాన్ని కవచంగా తొడుక్కున్నవాడే వాళ్ళ పేరు చెడగొట్టినవాడు. ఈ కథలో నాకు అన్నింటికన్నా కష్టంగా తోచేది అదే.

ఆ లీగ్ తరఫున రడ్డీతో కొలంబో బేరం తేలిగ్గానే కుదిరింది. సినిమాలో ‘మాఫియా’ అన్న మాట వినపడకూడదు. స్క్రిప్టులో ఉన్నదే ఒక్కచోట, తీసేశారు. షూటింగ్‌కు అప్పటిదాకా మూసుకున్న తలుపులు తెరుచుకున్నాయి. కొలంబో మనుషులు షూటింగ్ చుట్టూ తిరిగారు. వాళ్ళతో వచ్చిన మాజీ కుస్తీవీరుడు లెన్నీ మోంటానాకు లూకా బ్రాసీ వేషం దక్కింది. మార్లన్ బ్రాండో ముందు లూకా మాట తడబడే దృశ్యం గుర్తుందా? అది నటన కాదు, మోంటానా భయమే.

కానీ కొలంబో కూర్చున్న కుర్చీ అంత గట్టిది కాదు. 1963లో అతని పెద్దలు మరో మాఫియా కుటుంబ అధినేత కార్లో గాంబినోను చంపించాలని పథకం వేసి, ఆ పని కొలంబోకే అప్పగించారు. అతను నేరుగా గాంబినో దగ్గరికెళ్ళి అంతా చెప్పేశాడు. అందుకు బహుమానమే ఈ గద్దె. ఇప్పుడదే గాంబినోకు ఈ ఊరేగింపులు, టీవీ కెమెరాలు మింగుడుపడలేదు. చీకట్లో సాగే వ్యాపారానికి వెలుతురు చేటు. మరోవైపు, అదే కుటుంబంలో 1961లో తిరుగుబాటు లేపిన జోయీ గాలో తొమ్మిదేళ్ళకు పైగా జైలుశిక్ష అనుభవించి 1971లో బయటికొచ్చాడు. రాజీ కోసం అతను లక్ష డాలర్లు అడిగాడనీ, కొలంబో కాదన్నాడనీ చెబుతారు.

అదే ఏడాది జూన్ 28. కొలంబస్ సర్కిల్ ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు తోరణాలతో నిండింది. ఎదురుగా గల్ఫ్ అండ్ వెస్ట్రన్ ఆకాశహర్మ్యం. ఆ సినిమా తీస్తున్న పారామౌంట్‌కు యజమాని ఆ కంపెనీయే. కొద్ది వీధుల అవతల దర్శకుడు కొపోలా షూటింగ్‌లో ఉన్నాడు.

ఇంకా లీగ్ సభ మొదలు కాలేదు. కొలంబో జనంలో నడుస్తూ చేతులు కలుపుతున్నాడు. చేతిలో కెమెరా, వెంట ప్రెస్ కార్డు ఉన్న కుర్రాడిని ఎవరూ అనుమానించలేదు. పేరు జెరోమ్ జాన్సన్, నల్లజాతి యువకుడు, పాతికేళ్ళు కూడా నిండలేదు. దగ్గరికొచ్చి తలమీద, మెడమీద మూడుసార్లు కాల్చాడు. కొలంబో కూలిన క్షణాల్లోనే జనంలోంచి ఇంకెవరో జాన్సన్‌ను కాల్చి చంపి మాయమయ్యారు.

పోలీసులు గాలోను ప్రశ్నించారు. అతని చెయ్యి ఉందని తేల్చలేకపోయారు. కొలంబో మనుషులకు రుజువుతో పనిలేదు. 1972 మార్చిలో సినిమా విడుదలైంది. మూడు వారాలు గడిచాయి. ఏప్రిల్ 7 తెల్లవారుజామున గాలో తన 43వ పుట్టినరోజని భార్యతో, ఆమె కూతురితో కలిసి లిటిల్ ఇటలీలోని ‘అంబర్టోస్ క్లామ్ హౌస్’లో భోజనానికి కూర్చున్నాడు. తుపాకులు లోపలికొచ్చాయి. తూటాలు తగిలినా గాలో తలుపువైపు పరుగెత్తి, నడివీధిలో పడి ప్రాణం విడిచాడు.

సినిమాలో డాన్ కార్లియోనీ మనవడితో ఆడుకుంటూ టమోటా తోటలో కన్నుమూస్తాడు. ఆ దృశ్యం నాకెంతో ఇష్టం. అయినా అంత గౌరవమైన చావు గాలోకు గానీ కొలంబోకు గానీ రాలేదు. పక్షవాతంతో దాదాపు ఏడేళ్ళు మంచంపట్టి, కొలంబో 1978 మే 22న చనిపోయాడు. నాయకుడు కూలాక లీగ్ నిలవలేదు. దాన్ని నమ్మి జెండాలు పట్టినవాళ్ళకు మిగిలిందేమీ లేదు. జాన్సన్‌ను చంపినవాడు ఎవరో నేటికీ తేలలేదు. ఆ హత్యకు ఒక్కరికీ శిక్ష పడలేదు.